రోగనిరోధక కణాల్లో పీడీఈ4బీ జన్యువును కొలవడం: రక్తం గొట్టం నుంచి సీటీ అంకె దాకా

మోనోసైట్ లాంటి రోగనిరోధక కణం లోపల సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న అణువు కళ్లెంలా పనిచేస్తుంది. అది పెరిగితే కణం నెమ్మదిస్తుంది, టీఎన్‌ఎఫ్ లాంటి మంట పుట్టించే ప్రోటీన్ల ఉత్పత్తి తగ్గుతుంది. ఆ కళ్లేన్ని వదులు చేసే ఎంజైములు ఫాస్ఫోడైఎస్టరేజులు (పీడీఈలు). అవి సైక్లిక్ ఏఎంపీని విరిచి మామూలు ఏఎంపీగా మార్చేస్తాయి. తెల్ల రక్తకణాల్లో ఈ పనిలో పెద్ద వాటా పీడీఈ4 కుటుంబానిది. దీనికి నాలుగు జన్యువులు ఉన్నాయి: 19వ క్రోమోజోము మీద ఏ, సీ, ఒకటో క్రోమోజోము మీద బీ, ఐదో క్రోమోజోము మీద డీ. తెల్లకణాల్లో పట్టించుకోవాల్సినవి ఏ, బీ, డీ. సీ చాలా తక్కువగా కనిపిస్తుంది.

వీటిలో పీడీఈ4బీకి ప్రత్యేకత ఉంది. బాక్టీరియా పైపొరలోని ఎల్‌పీఎస్ తగిలితే మోనోసైట్‌లో ఈ జన్యువు, ముఖ్యంగా దాని పొట్టి రూపం పీడీఈ4బీ2, గంటల్లోనే బాగా పెరుగుతుంది. పీడీఈ4 కుటుంబం మొత్తాన్నీ అడ్డుకునే మందుల్లో రోఫ్లుమిలాస్ట్‌కు 2011లో సీఓపీడీ (దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) కోసం, అప్రెమిలాస్ట్‌కు 2014లో సోరియాటిక్ ఆర్థరైటిస్ (సోరియాసిస్‌తో వచ్చే కీళ్లవాపు) కోసం అమెరికాలో అనుమతి వచ్చింది. రెండింటి వెనుకా ఉన్న ఆలోచన ఒకటే, కళ్లెం వదులు కాకుండా చూడడం.

ఈ జన్యువు ఎంత పనిచేస్తోందో రియల్ టైమ్ పీసీఆర్‌తో కొలిచే పద్ధతి ఇది. అందులో జన్యువు ప్రతులు చక్రం చక్రానికీ రెట్టింపవుతాయి. వాటి వెలుగు యంత్రానికి కనిపించడానికి పట్టిన చక్రాల సంఖ్యే సీటీ, అది ఎంత తక్కువైతే జన్యువు అంత ఎక్కువ. మొదలుపెట్టే ముందు ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. చివర్లో వచ్చే అంకె అన్నిటికన్నా ముందు ట్యూబులో ఏ కణాలు ఎన్ని ఉన్నాయో చెబుతుంది, ఆ తర్వాతే జన్యువు పెరిగిందో తగ్గిందో చెబుతుంది. న్యూట్రోఫిల్స్ అనే మరో రకం తెల్లకణాల్లో పీడీఈ4బీ2 సహజంగానే ఎక్కువ. మోనోసైట్లు, లింఫోసైట్ల మధ్యకు అవి కొద్దిగా జారినా ఏ ఎల్‌పీఎస్ అక్కర లేకుండానే పీడీఈ4బీ పెరిగినట్టు కనిపిస్తుంది. అందుకే కింది దశల్లో సగం శ్రమ కణాలను శుభ్రంగా వేరు చేయడానికే పోతుంది.

రక్తం తీసే ముందు

సంస్థ ఎథిక్స్ కమిటీ అనుమతి, దాత రాతపూర్వక సమ్మతి లేకుండా సూది గుచ్చకూడదు. మన దేశంలో దీనికి ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు ఉన్నాయి. పని చేసేవాళ్లకు హెపటైటిస్ బీ టీకా పూర్తయి ఉండాలి. కణాల పనంతా క్లాస్ 2 బయోసేఫ్టీ క్యాబినెట్‌లోనే చేయాలి.

దాతను అడగాల్సిన ప్రశ్నలు: గత రెండు వారాల్లో జ్వరం, దగ్గు వచ్చాయా? స్టెరాయిడ్ వాడుతున్నారా? ఉబ్బసానికి సాల్బుటమాల్ ఇన్‌హేలర్ గానీ థియోఫిల్లిన్ గానీ ఉందా? సాల్బుటమాల్ కణంలో సైక్లిక్ ఏఎంపీని పెంచుతుంది. అలా పెరిగినప్పుడు దాన్ని తగ్గించుకోవడానికి కణమే పీడీఈ4 జన్యువులను పెంచుకుంటుంది. థియోఫిల్లిన్ నేరుగా ఫాస్ఫోడైఎస్టరేజులనే అడ్డుకుంటుంది. ఇలాంటి దాతలను పక్కన పెట్టండి. అందరి దగ్గరా ఒకే వేళకు, ఉదయం 9, 10 గంటల మధ్య రక్తం తీయండి. ఒంట్లో కార్టిసాల్ రోజంతా ఒకేలా ఉండదు, దానితో పాటు ఈ జన్యువులూ కదులుతాయి.

గొట్టం ఊదారంగు మూతది, అంటే ఈడీటీఏది తీసుకోండి. హెపారిన్ గొట్టంలో కణాలు బాగానే ఉంటాయి గానీ, హెపారిన్ మిగిలిపోతే తర్వాత పీసీఆర్ ఎంజైమును అడ్డుకుంటుంది. పది మిల్లీలీటర్లు చాలు. గొట్టాన్ని నెమ్మదిగా ఎనిమిది, పదిసార్లు తిప్పి గది ఉష్ణోగ్రతలోనే ఉంచండి. ఐస్ మీద పెట్టకండి. నాలుగు గంటల్లోపు పని మొదలవ్వాలి. రాత్రంతా ఉంచిన రక్తంలో న్యూట్రోఫిల్స్ సాంద్రత మారి, అవి మనకు కావాల్సిన పొరలోకే వచ్చేస్తాయి.

ఫైకాల్ పొర

రక్తాన్ని అంతే పరిమాణం పీబీఎస్ (ఫాస్ఫేట్ కలిసిన ఉప్పు ద్రావణం)తో పలచన చేయండి. పీబీఎస్‌లో కాల్షియం, మెగ్నీషియం ఉండకూడదు. రెండు శాతం ఎఫ్‌బీఎస్ (దూడ పిండం సీరం) కలిపి ఉండాలి. 50 మిల్లీలీటర్ల ట్యూబులో 15 మిల్లీలీటర్ల ఫైకాల్ (కణాలను సాంద్రతను బట్టి వేరు చేసే ద్రవం) పోసి, ట్యూబును వాల్చి, పలచన చేసిన 20 మిల్లీలీటర్ల రక్తాన్ని గోడ వెంబడి జారవిడవండి. రెండు పొరల మధ్య గీత గీసినట్టు కనపడాలి. అక్కడ ఎర్రటి తీగలు కిందికి దిగుతుంటే పిపెట్ వేగం ఎక్కువైందన్న మాట.

400 జీ (భూమి ఆకర్షణకు 400 రెట్లు), 30 నిమిషాలు, 20 డిగ్రీల సెల్సియస్, బ్రేక్ పూర్తిగా ఆపి తిప్పండి. మీ సెంట్రిఫ్యూజ్ ఆర్‌పీఎంలోనే పనిచేస్తే లెక్క ఇలా: జీ అంటే 0.00001118 × రోటర్ వ్యాసార్ధం సెంటీమీటర్లలో × ఆర్‌పీఎం వర్గం. వ్యాసార్ధం 17 సెంటీమీటర్లయితే 400 జీకి దాదాపు 1450 ఆర్‌పీఎం. పక్క ల్యాబ్‌లో వాళ్ల ఆర్‌పీఎం అంకె ఎత్తుకొచ్చి వాడితే రోటర్ మారగానే పొర చెదిరిపోతుంది.

ఉష్ణోగ్రతను తేలిగ్గా తీసుకోవద్దు. ఫైకాల్ సాంద్రత 1.077 అని సీసా మీద రాసేది 20 డిగ్రీల దగ్గర లెక్క. మే నెలలో ఏసీ లేని గదిలో ఉన్న ఫైకాల్‌ను అలాగే పోస్తే దాని సాంద్రత పడిపోతుంది, ఎర్రకణాల గుంపులు పెరిగి లింఫోసైట్లను కిందికి లాక్కుపోతాయి, దిగుబడి సన్నగిల్లుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే పోస్తే అందుకు విరుద్ధం. ఎర్రకణాలు సరిగ్గా గుమికూడవు, పొర ఎర్రబడుతుంది. ఫైకాల్, పీబీఎస్, రక్తం మూడూ ఒక గంట ముందే 20 డిగ్రీలకు రావాలి.

తిప్పాక పైన పసుపు ప్లాస్మా, దాని కింద తెల్లటి పొగమంచు లాంటి సన్నని పొర, ఆ కింద తేటగా ఫైకాల్, అడుగున ఎర్రకణాలు ఉంటాయి. మీకు కావాల్సింది ఆ తెల్లటి పొర. ముందు ప్లాస్మాను పొరకు సెంటీమీటరు ఎత్తు దాకా తీసేయండి. తర్వాత పాశ్చర్ పిపెట్ కొసను పొరలో ఆనించి, ట్యూబు గోడ చుట్టూ తిప్పుతూ పీల్చండి. ఆశపడి ఫైకాల్‌ను ఎక్కువ లాగితే న్యూట్రోఫిల్స్ వెంట వస్తాయి. కొన్ని కణాలు పోయినా పర్లేదు, వదిలేయండి.

తీసిన కణాలకు కనీసం మూడు రెట్ల పీబీఎస్ కలిపి 300 జీ వద్ద పది నిమిషాలు తిప్పండి. రెండో కడుగు 200 జీ వద్ద పది నిమిషాలు. తక్కువ వేగంలో ప్లేట్‌లెట్లు పైనే ఉండిపోతాయి. ఇప్పటి నుంచి బ్రేక్ వేసుకోవచ్చు. పెల్లెట్ ఇంకా ఎర్రగా ఉంటే అమ్మోనియం క్లోరైడ్ లైసిస్ ద్రావణంలో ఐదు నిమిషాలు ఉంచి మళ్లీ కడగండి, ఐదు దాటనివ్వకండి.

లెక్కకు పది మైక్రోలీటర్ల కణాలు, పది మైక్రోలీటర్ల 0.4 శాతం ట్రిపాన్ బ్లూ. హీమోసైటోమీటర్ నాలుగు మూలల చదరాల్లో కలిపి 120 తెల్లని కణాలు కనిపిస్తే సగటు 30. దాన్ని 2తో, ఆపై 10,000తో గుణిస్తే మిల్లీలీటరుకు 6 లక్షలు. నీలం కణాలు, అంటే చనిపోయినవి, ఐదు శాతం మించకూడదు. ఆరోగ్యవంతుల రక్తంలో మిల్లీలీటరుకు సుమారు పది లక్షల కణాలు చేతికొస్తాయి.

ఇక్కడ చాలామంది దాటేసే పని ఒకటుంది. లక్ష కణాలతో స్లైడు మీద స్మియర్ చేసి, లీష్‌మన్ రంగు వేసి, 200 కణాలు లెక్కపెట్టండి. లింఫోసైట్ కేంద్రకం నున్నగా, గుండ్రంగా, కణాన్నంతా నింపేసి ఉంటుంది. మోనోసైట్ పెద్దది, కేంద్రకం కిడ్నీ ఆకారంలో ఉంటుంది. న్యూట్రోఫిల్ కేంద్రకం మూడు నాలుగు ముక్కలు దారంతో కట్టినట్టు ఉంటుంది, చూడగానే పట్టేస్తారు. అవి రెండు, మూడు శాతం మించితే ఆ నమూనా పీడీఈ4బీకి పనికిరాదు. మోనోసైట్ శాతాన్ని నోటుబుక్‌లో రాసుకోండి, చివరి లెక్కలో అదే ఆదుకుంటుంది. ఈ అరగంట పనికి ఖరీదైన యంత్రమేదీ అక్కర్లేదు.

మోనోసైట్లను విడిగా తీస్తే ఇంకా మంచిది. సీడీ14 అయస్కాంత పూసలతో తీయడం సులువే, శుద్ధి కూడా బాగుంటుంది. కానీ ఎల్‌పీఎస్‌ను పట్టుకోవడంలో మోనోసైట్‌కు తోడ్పడే ప్రోటీన్ కూడా సీడీ14నే. దాని మీద యాంటీబాడీ అంటించి, ఆ తర్వాత ఎల్‌పీఎస్‌కు స్పందన కొలవడం సబబు కాదు. మిగతా కణాలను పట్టి తీసేసి మోనోసైట్లను తాకకుండా వదిలే నెగెటివ్ సెలెక్షన్ కిట్ వాడండి.

ఎల్‌పీఎస్ తగిలించడం

కణాలను ఆర్‌పీఎంఐ 1640, పది శాతం ఎఫ్‌బీఎస్ మీడియంలో మిల్లీలీటరుకు పది లక్షలుగా కలపండి. సీరం లేకుండా చేయాలని చూడకండి. ఎల్‌పీఎస్‌ను కణానికి అందించే ప్రోటీన్లు సీరంలోనే ఉంటాయి. 24 గుంటల ప్లేటులో గుంటకు ఒక మిల్లీలీటరు. నాలుగు రకాలు పెట్టండి: ఏమీ లేనిది, ఎల్‌పీఎస్, పాలీమిక్సిన్ బీ ఒక్కటే, పాలీమిక్సిన్ బీ ప్లస్ ఎల్‌పీఎస్. ఒక్కోదానికి రెండు గుంటలు. ఇవి కాక పది లక్షల కణాలను ప్లేటులో వేయకముందే లైసిస్ బఫర్‌లో కరిగించి సున్నా గంట నమూనాగా దాచండి. మోనోసైట్లు ప్లాస్టిక్‌కు అంటుకోవడంతోనే కొంత ఉత్తేజితమవుతాయి. సున్నా గంట నమూనా లేకపోతే ఆ పెరుగుదల ఎంతో తెలియదు.

ఎల్‌పీఎస్ స్టాకు మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము ఉంటే, ముందు రెండు నిమిషాలు గట్టిగా వోర్టెక్స్ చేయాలి, లేకపోతే అది ట్యూబు గోడకే అంటుకుని ఉంటుంది. మీడియంలో వందో వంతుకు పలచన చేస్తే మిల్లీలీటరుకు 10 మైక్రోగ్రాములు. దానిలోంచి గుంటకు 10 మైక్రోలీటర్లు వేస్తే చివరికి మిల్లీలీటరుకు 100 నానోగ్రాములు. ఏమీ లేని గుంటలోనూ 10 మైక్రోలీటర్ల ఉత్త మీడియం వేయండి. పాలీమిక్సిన్ బీ మిల్లీలీటరుకు 10 మైక్రోగ్రాములు. ఇది ఎల్‌పీఎస్‌ను పట్టి నిర్వీర్యం చేస్తుంది. ఏమీ లేని గుంటకన్నా పాలీమిక్సిన్ గుంటలో టీఎన్‌ఎఫ్ బాగా తగ్గిందంటే, మీ సీరంలోనో పీబీఎస్‌లోనో ముందే ఎండోటాక్సిన్ ఉందని అర్థం. అప్పుడు చేసిన ప్రయోగమంతా బూడిదలో పోసిన పన్నీరే.

37 డిగ్రీలు, ఐదు శాతం కార్బన్ డయాక్సైడ్, నాలుగు గంటలు.

తర్వాత కణాలను తీసేటప్పుడే ఎక్కువమంది దెబ్బతింటారు. మీడియం పీల్చి సెంట్రిఫ్యూజ్ చేస్తే వచ్చే పెల్లెట్‌లో ఎక్కువగా లింఫోసైట్లే ఉంటాయి. మోనోసైట్లు గుంట అడుగున అంటుకుని ప్లేటుతో పాటు చెత్తబుట్టలోకి పోతాయి. ఎల్‌పీఎస్ గుంటలో ఇంకా గట్టిగా అంటుకుంటాయి కాబట్టి, అసలు పెరగాల్సిన చోటే పీడీఈ4బీ తగ్గినట్టు కనిపిస్తుంది. చేయాల్సింది ఇది: మీడియాన్ని నెమ్మదిగా ట్యూబులోకి తీసుకుని, వెంటనే ఖాళీ గుంటలో 350 మైక్రోలీటర్ల లైసిస్ బఫర్ పోసి పిపెట్ కొసతో అడుగంతా తడపండి. ట్యూబును 300 జీ వద్ద ఐదు నిమిషాలు తిప్పి మీడియం పారబోయండి. గుంటలోని ఆ 350 మైక్రోలీటర్లనే పెల్లెట్ మీద పోసి కరిగించండి. తేలే కణాలూ అంటుకున్న కణాలూ రెండూ ఒకే చోట చేరతాయి.

ఒక హెచ్చరిక. లైసిస్ బఫర్‌లో గ్వానిడిన్ ఉంటుంది. దాని మీద బ్లీచ్, అంటే హైపోక్లోరైట్, ఎప్పుడూ పోయకండి, విషవాయువు వస్తుంది. రక్తం, మీడియం వ్యర్థాలకు ఒక శాతం హైపోక్లోరైట్ సరే. గ్వానిడిన్ వ్యర్థాలకు వేరే సీసా పెట్టి దాని మీద పెద్ద అక్షరాలతో రాయండి.

ఆర్‌ఎన్‌ఏ, సీడీఎన్‌ఏ

లైసిస్ బఫర్ మిల్లీలీటరుకు 10 మైక్రోలీటర్ల బీటా మెర్కాప్టోఇథనాల్ అదే రోజు ఫ్యూమ్ హుడ్‌లో కలపాలి. కాలమ్ కిట్‌లో అంతే పరిమాణం 70 శాతం ఇథనాల్ కలిపి ఎక్కించండి. కాలమ్ మీదే డీఎన్ఏస్ 15 నిమిషాలు వేయడం తప్పనిసరి. పోలికకు తరచూ వాడే జీఏపీడీహెచ్, బీటా యాక్టిన్ లాంటి జన్యువులకు మన జీనోమ్‌లో ఇంట్రాన్లు (ఎంఆర్‌ఎన్‌ఏలో మిగలని భాగాలు) లేని నకిలీ ప్రతులు చాలా ఉన్నాయి. మిగిలిపోయిన డీఎన్ఏ, ప్రైమర్లను (కోరిన జన్యువును పట్టుకునే పొట్టి డీఎన్ఏ ముక్కలను) సులభంగా మోసం చేస్తుంది. చివరి కడుగు తర్వాత ఖాళీ కాలమ్‌ను ఇంకో రెండు నిమిషాలు తిప్పి, 30 మైక్రోలీటర్ల ఆర్‌ఎన్ఏస్ లేని నీటితో దించండి.

ఉత్తేజం లేని లింఫోసైట్‌లో ఆర్‌ఎన్‌ఏ తక్కువ. పది లక్షల కణాలకు ఒక మైక్రోగ్రాము కన్నా తక్కువే రావచ్చు, కంగారు పడొద్దు. శుద్ధిని తెలిపే 260/280 వెలుగు శోషణ నిష్పత్తి 2 దగ్గర ఉండాలి. 260/230 ఒకటిన్నర కన్నా కిందికి పోతే గ్వానిడిన్ మిగిలిందన్న మాట. బయోఎనలైజర్ అందుబాటులో ఉంటే ఆర్‌ఐఎన్ (ఆర్‌ఎన్‌ఏ ఎంత చెక్కుచెదరకుండా ఉందో చెప్పే అంకె) 7 పైన ఉన్న నమూనాలనే ముందుకు తీసుకెళ్లండి.

అన్ని నమూనాలకూ సమానంగా 300 నానోగ్రాముల ఆర్‌ఎన్‌ఏ తీసుకుని, దాన్ని సీడీఎన్‌ఏగా, అంటే డీఎన్ఏ ప్రతిగా మార్చే 20 మైక్రోలీటర్ల రియాక్షన్ పెట్టండి. రాండమ్ హెక్సామర్లు, ఓలిగో డీటీ రెండూ ఉన్న మిశ్రమమే వాడాలి. పీడీఈ4 ఎంఆర్‌ఎన్‌ఏలు వేల బేస్‌ల పొడవుంటాయి. ఒక రూపానికీ ఇంకో రూపానికీ తేడా మొదట్లో, అంటే 5 ప్రైమ్ వైపు ఉంటుంది. ఓలిగో డీటీ ఒక్కటే వాడితే ఎంజైము తోక నుంచి బయల్దేరి అంత దూరం చేరకముందే జారిపోతుంది. నమూనాకొకటి చొప్పున రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్ (ఈ మార్పు చేసే ఎంజైము) లేని ట్యూబు కూడా పెట్టండి. తయారైన సీడీఎన్‌ఏను ఐదింతలు పలచన చేస్తే 100 మైక్రోలీటర్లు వస్తుంది. ఐదు జన్యువులకు మూడేసి గుంటలు వేసినా 30 మైక్రోలీటర్లే ఖర్చవుతుంది.

ప్రైమర్లు

నాలుగు పీడీఈ4 జన్యువుల ఉత్ప్రేరక భాగాలు అన్నదమ్ముల్లా ఉంటాయి. అక్కడ ప్రైమర్ ఎంచుకుంటే బీతో పాటు డీని కూడా పట్టుకునే ప్రమాదం ఉంది. రెండు జతలు చేయించండి. ఒకటి బీ రూపాలన్నింటిలో ఉండే ఎక్సాన్ల (ఎంఆర్‌ఎన్‌ఏలో మిగిలే భాగాల) మీద, మొత్తం పీడీఈ4బీ కోసం. రెండోది బీ2కి మాత్రమే ఉండే మొదటి ఎక్సాన్ నుంచి పక్క ఎక్సాన్‌లోకి. బీ1, బీ3 లాంటి పొడవు రూపాల్లో యూసీఆర్1, యూసీఆర్2 అనే రెండు నియంత్రణ భాగాలుంటాయి. బీ2లో యూసీఆర్1 ఉండదు. ప్రోటీన్ కైనేజ్ ఏ వచ్చి పొడవు రూపాలను ఉత్తేజపరిచేది ఆ యూసీఆర్1 దగ్గరే. అంటే బీ2 పెరగడం, బీ1 పెరగడం కణానికి ఒకటి కాదు. మొత్తం అంకె ఒక్కటే చూపిస్తే ఆ తేడా పోతుంది.

ప్రైమర్ బ్లాస్ట్ అనే ఆన్‌లైన్ సాధనంలో ఎన్ఎంతో మొదలయ్యే రెఫ్‌సీక్ వరుస ఇచ్చి, ఉత్పత్తి 80 నుంచి 150 బేస్‌లు, టీఎం (ప్రైమర్ విడిపోయే ఉష్ణోగ్రత) 60 డిగ్రీల దగ్గర, ఎక్సాన్ సంధి దాటేలా అని పెట్టండి. ఏ, సీ, డీలతో మూడు ప్రైమ్ కొసన కనీసం రెండు మూడు బేస్‌లు తేడా ఉన్న జతనే ఎంచుకోండి. పాత పేపరులోంచి ప్రైమర్ వరుస దించుకున్నా ఈ తనిఖీ చేయకుండా ఆర్డరు పెట్టొద్దు.

పోలికకు వాడే జన్యువు విషయంలో బీటా యాక్టిన్, జీఏపీడీహెచ్‌లను అలవాటుగా తీసుకోకండి. కణాలు ఉత్తేజితమైతే రెండూ కదులుతాయి. బీ2ఎం ఇంటర్‌ఫెరాన్‌కు పెరుగుతుంది. టీబీపీ, ఎస్‌డీహెచ్‌ఏ, వైడబ్ల్యూహెచ్ఏజెడ్, హెచ్‌పీఆర్‌టీ1, ఆర్‌పీఎల్‌పీ0 ఐదింటినీ మీ సొంత నమూనాల మీద పరీక్షించి, జీనార్మ్ సాఫ్ట్‌వేర్‌లో ఎం విలువ (నిలకడకు కొలమానం) 0.5 కన్నా తక్కువ వచ్చిన రెండింటిని ఉంచుకోండి.

ప్రతి జతకూ సీడీఎన్‌ఏను నాలుగింతలు చొప్పున ఐదుసార్లు పలచన చేసి సీటీల గీత గీయాలి. పలచనను పది ఆధారంగా లాగరిథంలో తీసుకున్నప్పుడు వాలు మైనస్ 3.1కీ మైనస్ 3.58కీ మధ్య ఉంటే సామర్థ్యం 90 నుంచి 110 శాతం. 110 దాటితే సంతోషించకండి. గాఢమైన నమూనాలో ఏదో ఎంజైమును అడ్డుకుంటోందనో, ప్రైమర్లు తమలో తాము అతుక్కుంటున్నాయనో అర్థం.

ప్లేటు, లెక్క

పది మైక్రోలీటర్ల రియాక్షన్: రెండింతల సైబర్ గ్రీన్ మిక్స్ 5, పది మైక్రోమోలార్ ప్రైమర్లు 0.3 చొప్పున రెండు, సీడీఎన్‌ఏ 2, నీరు 2.4. తొలుత 95 డిగ్రీలు రెండు నిమిషాలు, తర్వాత 95 డిగ్రీలు 10 సెకన్లు, 60 డిగ్రీలు 30 సెకన్లు చొప్పున 40 సార్లు, చివర్లో 65 నుంచి 95 దాకా మెల్ట్ (వేడి పెంచుతూ ఉత్పత్తి ఎక్కడ విడిపోతుందో చూడడం). మీ మిక్స్ కాగితంలో వేరేగా ఉంటే దాన్నే పాటించండి. మెల్ట్‌లో ఒక్క శిఖరమే రావాలి. మూడు గుంటల సీటీల మధ్య ప్రామాణిక విచలనం 0.3 దాటితే ఆ నమూనాను మళ్లీ వేయండి.

ఒక ఉదాహరణ లెక్క. ఏమీ లేని కణాల్లో పీడీఈ4బీ2 సీటీ 26.8, పోలిక జన్యువుల సగటు 23.1, తేడా 3.7. ఎల్‌పీఎస్ కణాల్లో 23.9, 23.0, తేడా 0.9. రెండు తేడాల మధ్య తేడా మైనస్ 2.8. 2 కి 2.8 ఘాతం అంటే దాదాపు 7 రెట్లు. టీఎన్‌ఎఫ్ కూడా లేచి, పాలీమిక్సిన్ గుంటలో రెండూ కింద ఉంటేనే ఆ 7ను నమ్మండి.

ఒకే దాత కణాలను రెండు భాగాలు చేశాం కాబట్టి ఎల్‌పీఎస్ పోలికలో కణాల మిశ్రమం సమానమే. చిక్కు దాతల మధ్య పోలికలో వస్తుంది. రోగి నమూనాలో మోనోసైట్లు 20 శాతం, ఆరోగ్యవంతుడి నమూనాలో 10 శాతం అనుకోండి. పీడీఈ4బీ2 అంతా మోనోసైట్లదే అయితే, ఏ కణంలోనూ జన్యువు వీసమెత్తు మారకుండానే రెండు రెట్లు కనిపిస్తుంది. అందుకే స్మియర్ లెక్క రాసుకోమన్నది. దాన్ని ఫలితం పక్కనే ఇవ్వాలి, లేదా శుద్ధి చేసిన మోనోసైట్లలో కొలత మళ్లీ చేయాలి.

గణాంకాల్లో ఎన్ అంటే దాతల సంఖ్య. మూడు గుంటలు ఎన్ 3 కావు. దాతకు దాతకు స్పందన చాలా మారుతుంది కాబట్టి ఎల్‌పీఎస్ ఉన్నదీ లేనిదీ జతగానే పోల్చండి, పరీక్షను రెట్ల మీద కాక సీటీ తేడాల మీద చేయండి. రాసేటప్పుడు 2009 నాటి ఎమ్ఐక్యూఈ (రియల్ టైమ్ పీసీఆర్ ఫలితాల ప్రచురణ) మార్గదర్శకాలు అడిగే వివరాలన్నీ, ముఖ్యంగా ప్రైమర్ వరుసలు, సామర్థ్యం, పోలిక జన్యువులు, ఇవ్వండి.

ఎంఆర్‌ఎన్‌ఏ పెరిగినంత మాత్రాన ఎంజైము పెరిగిందని రాయలేం. ప్రోటీన్ కోసం వెస్టర్న్ బ్లాట్ చేస్తే బీ2 సుమారు 68 కిలోడాల్టన్ల దగ్గర, పొడవు రూపాలు 100 దగ్గర కనిపిస్తాయి. ఎంజైము పని కోసం కణాల లైసేట్‌లో సైక్లిక్ ఏఎంపీ విరిగే వేగాన్ని 10 మైక్రోమోలార్ రోలిప్రామ్ ఉన్నప్పుడూ లేనప్పుడూ కొలవండి. రోలిప్రామ్ ఆపగలిగిన భాగమే పీడీఈ4ది, మిగిలింది పీడీఈ3, పీడీఈ7, పీడీఈ8 లాంటి వాటిది. రోలిప్రామ్ డీఎంఎస్ఓలో కరుగుతుంది, అందుకే రోలిప్రామ్ లేని ట్యూబులోనూ అంతే డీఎంఎస్ఓ వేయాలి. ఈ పరీక్షకు పక్కన పెట్టే లైసేట్‌లో గ్వానిడిన్ ఉండకూడదు, కాబట్టి దీనికి కావాల్సిన గుంటలను మొదటి రోజే విడిగా లెక్కవేసి, రక్తం ఇంకో పది మిల్లీలీటర్లు ఎక్కువ తీసుకోండి.